తొమ్మిది ఆదివారాలు

మా వీధిలో కట్టబోయే మొదటి అపార్ట్‌మెంట్ గురించి మేము తొమ్మిది ఆదివారాలు మాట్లాడుకున్నాం. 2006 వేసవి అది. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. చేతిరాత బాగుంటుందని కాలనీ సంఘం వాళ్ళు మినిట్స్ పుస్తకం నాకు అప్పగించారు. రామాలయం వెనక రేకుల షెడ్డులో జంపఖానా పరిచేవాళ్ళు. నేను ఓ మూల కూర్చుని ఎవరేం అన్నారో రాసుకునేదాన్ని. అందుకే ఆ మాటల్లో చాలా వరకు ఇప్పటికీ అన్నవాళ్ళ గొంతుతోనే గుర్తున్నాయి.

మాది మల్కాజ్‌గిరి. స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరం. అప్పటికింకా మల్కాజ్‌గిరి వేరే మున్సిపాలిటీ. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేసినప్పుడు మేమూ హైదరాబాద్‌లో కలిశాం. వీధిలో సగం ఇళ్ళు రైల్వే వాళ్ళవే. లాలాగూడ వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్ళు, గార్డులు, బుకింగ్ క్లర్కులు. అందరివీ రెండు వందల గజాల స్థలాలు, లోన్లు తీసుకుని గదికి గది చేర్చుకుంటూ కట్టిన ఇళ్ళు. ఒక్క మామ్మగారిది మాత్రం పన్నెండు వందల గజాలు. లేఅవుట్ వేసిన కొత్తలో ఆవిడ భర్త ఆరు ప్లాట్లు కలిపి కొన్నారట. మధ్యలో పెంకుటిల్లు, ముందు వేపచెట్టు, వెనక మూడు మామిడి చెట్లు, ఈశాన్యంలో బావి.

ఆ బావి గురించి చెప్పకపోతే మిగతా కథ అర్థం కాదు. మా నేల అంతా రాయి. బోరు వేస్తే మూడు వందల అడుగులు పోయినా దుమ్మే వచ్చిన ఇళ్ళున్నాయి. మామ్మగారి బావి నలభై అడుగులే, అయినా అందులో ఊట ఉండేది. 2003 వేసవిలో వీధిలో బోర్లన్నీ ఎండిపోయి, మున్సిపల్ నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని రోజుల్లో, పొద్దున్నే నాలుగున్నరకి ఆ గిలక చప్పుడుతో మాకు మెలకువ వచ్చేది. ఎవరి వంతు వాళ్ళు తోడుకునేవాళ్ళం. అరవై బిందెలు తోడేసరికి అడుగున రాయి కనిపించేది. మళ్ళీ ఊరడానికి మర్నాటి తెల్లవారుజాము దాకా ఆగాలి. మామ్మగారు అరుగు మీద కూర్చుని లెక్క చూసేవారు. ఒక్కరిని కూడా పొమ్మన్న రోజు లేదు.

అలాంటి ఇంటిని ఆవిడ డెవలప్‌మెంట్‌కి ఇస్తున్నారని తెలిసింది. బిల్డర్‌కి సగం, ఆవిడకి సగం. స్టిల్ట్ ప్లస్ ఫైవ్, అంతస్తుకి ఐదు చొప్పున ఇరవై ఐదు ఫ్లాట్లు. మా వీధి మొత్తం కలిపితే నలభై ఇళ్ళు లేవు. కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులంటే ఎంత ఎత్తో ఊహించుకోవడానికి పిల్లలు స్కూలు బిల్డింగుని చూపించుకునేవాళ్ళు.

అప్పుడే ఎందుకు వచ్చిందంటే, ఆ ఏడాది మార్చి 3న ప్రభుత్వం 86 నంబరు జీవోతో హైదరాబాద్‌కి కొత్త భవన నియమాలు తెచ్చింది. అంతకు ముందు ఎఫ్‌ఎస్‌ఐ అని ఒక లెక్క ఉండేది. స్థలానికి ఇన్ని రెట్ల విస్తీర్ణమే కట్టాలనే పరిమితి అది. కొత్త నియమాల్లో ఆ పరిమితి తీసేశారు. స్థలం ఎంత, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత ఖాళీ వదులుతున్నారు, వీటిని బట్టే ఎత్తు. పెద్ద ప్లాటు, మంచి రోడ్డు ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆ వేసవిలో బిల్డర్ల కార్లు ఆగాయి. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. తర్వాత ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేరి ప్లాన్ ఫైళ్ళు తయారుచేయడం మొదలుపెట్టాక తెలిశాయి.

మొదటి ఆదివారం అందరిదీ ఒకటే మాట, వద్దు. ముందుండి మాట్లాడింది రిటైర్డ్ గార్డు అంకుల్. ఆయన ఊరికే కోప్పడే మనిషి కాదు, ఏదైనా లెక్కగా చెప్పాలి. సుద్దముక్క తీసుకుని గుడి గోడ మీదే వేశారు. ఇంటికి నలుగురు, ఇరవై ఐదు ఇళ్ళకి వంద మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఇంజినీర్లు వాడే లెక్క అదే. మొత్తం 13,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు దాదాపు మూడు, రోజూ. "ఎక్కడి నుంచి వస్తాయి? వచ్చినవన్నీ తిరిగి మన ఎనిమిది అంగుళాల పైపులోకే కదా పోవాలి?" అన్నారు. ఆ సుద్ద లెక్కని పూజారి గారు రెండు నెలల దాకా చెరపలేదు.

మురుగు గురించి భయపడటానికి మాకు కారణం ఉంది. రామకృష్ణాపురం చెరువు నిండితే సఫిల్‌గూడ చెరువుకి, అక్కడి నుంచి బండ చెరువుకి నీళ్ళు రావాలి. మేముండేది ఆ దారికి దగ్గర్లోనే. 2000 ఆగస్టు 24న నగరంలో 24 సెంటీమీటర్ల వాన పడిన రోజు మా నట్టింట్లో స్టీలు గిన్నెలు తేలాయి. నాకు పదమూడేళ్ళు. మంచం మీద నిలబడి, మ్యాన్‌హోలు మూత ఎగిరి పక్కకి పడటం కిటికీలోంచి చూశాను.

రెండో వారం బిల్డర్ తరఫు మనిషి రంగుల బొమ్మ పట్టుకుని వచ్చాడు. బొమ్మలో మా వీధి అరవై అడుగుల రోడ్డులా ఉంది, మా ఇల్లు ఉండాల్సిన చోట పచ్చిక ఉంది. ఆ పచ్చిక చూసి అమ్మ చాలా నొచ్చుకుంది. "మనం లేనట్టే గీశారే" అని ఇంటికొచ్చాక రెండు సార్లు అంది.

మూడో ఆదివారం నేనూ మాట్లాడాను. మినిట్స్ రాసే పిల్లవని ఎవరో నవ్వినా నాన్న మాట్లాడమన్నారు. ఆ బిల్డింగు లేస్తే మధ్యాహ్నం మూడు తర్వాత మా డాబా మీద ఎండ ఉండదని, వడియాలు ఎండవని, డాబా మీద చదువుకుంటుంటే ఇరవై ఐదు కిటికీలు మా మీదే ఉంటాయని చెప్పాను. చెప్పిందాంట్లో అబద్ధం లేదు. సాయంత్రం డాబా మీద నుంచి రైలు పట్టాలు కనిపించేవి. అది మాత్రం మనసులోనే దాచుకున్నాను.

నేను కూర్చోగానే షెడ్డు బయట చెప్పుల దగ్గర నిలబడిన ఒకామె లోపలికి వచ్చింది. వీధి చివర రేకుల గదుల్లో అద్దెకుండే మనిషి, మహబూబ్‌నగర్ వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబం. ఆ మీటింగులకి అద్దె వాళ్ళని పిలవాలన్న ఆలోచన అప్పటిదాకా మాలో ఒక్కరికీ రాలేదు. ఆమె నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

"నీకు డాబా మీద ఎండ పోతదని బాధైతుంది బిడ్డా. మా అర్రకు కిటికీయే లేదు. పది అర్రలకు ఒక్కటే దొడ్డి. ఇరవై అయిదు ఇండ్లు కడితే గీ అర్రల కిరాయన్న తగ్గుతది, లేకుంటే నాలుగిండ్ల పనన్న దొరుకుతది. మమ్ముల ఎవ్వరు అడుగరు గాని."

రాశాను. రాస్తుంటే చెవులు వేడెక్కాయి. ఆమె మాట పూర్తిగా ఒప్పుకున్నానని చెప్పను. కొత్త ఫ్లాట్లు వస్తే గదుల అద్దె తగ్గుతుందన్నది మా వీధిలో జరగలేదు, పెరిగింది. అయినా ఇల్లు లేని మనిషికి మా ఎండ, మా వడియాలు ఎలా వినిపిస్తాయో ఆ రోజు దాకా నాకు తట్టలేదు. నాలుగో వారం నుంచి అద్దె వాళ్ళు కూడా జంపఖానా మీదే కూర్చున్నారు. గార్డు అంకుల్ స్వయంగా వెళ్ళి పిలిచి వచ్చారు.

మామ్మగారు అంతవరకూ ఒక్క మీటింగుకీ రాలేదు. నాలుగో ఆదివారం చేతికర్ర పట్టుకుని వచ్చారు. ఎవరో కుర్చీ వేశారు. ఆవిడ మీద నేరుగా ఎవరూ ఏమీ అనలేదు, కానీ "స్వార్థం", "ఆశ" లాంటి మాటలు అంతకు ముందు మూడు వారాల్లో దొర్లాయి. అవి నా పుస్తకంలోనే ఉన్నాయి. ఆవిడకి చేరకుండా ఉంటాయా?

"ఇరవై ఏళ్ళు నా బావి నీళ్ళు తాగారు, ఒక్కనాడూ కాదన్లేదు. అది మిమ్మల్ని దెప్పడానికి చెప్పటం లేదు నాయనా," అని మొదలుపెట్టారు. గొంతు స్థిరంగానే ఉంది. "మొన్న సంక్రాంతి ముందు రాత్రి పెరట్లోకి వెళ్ళి పడిపోయాను. లేవలేకపోయాను. పిలిచాను. నా ఇంటి చుట్టూ ఎంత ఖాళీ ఉందో మీకు తెలుసుగా, పిలుపు గోడ దాటలేదు. పాలవాడొచ్చేదాకా మంచులో అట్లాగే పడున్నాను. పన్నెండొందల గజాలు ఉన్నాయని మీరందరూ అనుకుంటారు. నాకు పక్క గోడ అవతల మనిషి దగ్గు వినపడే ఇల్లు కావాలి. నా చేత కొత్తగా ఇల్లు కట్టించే మగపిల్లలు ఇక్కడ లేరు. వాడు కట్టిస్తానన్నాడు, ఇచ్చాను."

షెడ్డులో ఎవరూ కదల్లేదు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మా ఇల్లు మామ్మగారి ఇంటికి సరిగ్గా ఎదురు. ఆ రాత్రి మేమంతా ఇంట్లోనే ఉన్నాం, టీవీ చూస్తున్నాం.

ఆ రోజు తర్వాత "వద్దు" అన్న మాట పల్చబడింది. ఎలా కట్టాలి అన్నది మొదలైంది. అయితే గార్డు అంకుల్ మాత్రం ఒక పట్టు వదల్లేదు. ఎత్తు రోడ్డు వెడల్పుని బట్టి కదా, మన రోడ్డు నిజంగా ముప్పై అడుగులుందా అన్నారు. లేఅవుట్ కాగితంలో ముప్పై. ఆరో ఆదివారం వంద అడుగుల టేపు తెచ్చారు. నేను ఒక కొస పట్టుకున్నాను. ప్రతి ఇంటి ముందూ కొలుస్తూ వెళ్ళాం, నేను రాస్తూ. ఇరవై ఏడు, ఇరవై ఆరు, ఇరవై నాలుగున్నర. అన్నిటికంటే తక్కువ వచ్చింది మా గేటు ముందే. ఇరవై రెండున్నర అడుగులు.

మా ర్యాంపు, దాని పక్కన తులసి కోట, గులాబీ మొక్కల చుట్టూ కట్టిన పిట్టగోడ, అన్నీ కలిపి మూడు అడుగుల నాలుగు అంగుళాలు రోడ్డులోకి వచ్చి ఉన్నాయి. నేను పుట్టకముందు నుంచీ అవి అక్కడే ఉన్నాయి. మాది కాని నేల మీద ఉన్నాయని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. ఎదురింటి గోడ ఇంకో నాలుగు అడుగుల రెండు అంగుళాలు. రోడ్డు సన్నంగా ఉందని ఫిర్యాదు రాస్తే, సన్నం చేసింది ఎవరో కూడా రాయాలి.

నాన్న ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు. మర్నాడు పొద్దున్నే మేస్త్రీని తీసుకొచ్చారు. అమ్మ తులసి కోట దగ్గర దీపం పెట్టి, మట్టితో సహా మొక్కని తవ్వి గేటు లోపల కుండీలోకి మార్చుకుంది. పదకొండు గంటలకల్లా ర్యాంపు పగిలిపోయింది. బండి లోపలికి ఎక్కించడానికి ఇనప పలక ఒకటి చేయించారు, వాడుకుని మళ్ళీ లోపల పెట్టుకునేలా. నాన్న రైల్వేలో అకౌంట్స్ మనిషి, వీధిలో గట్టిగా మాట్లాడినవాడు కాదు. ఆయన చేసిన పని చూసి ఆ వారంలోనే పదకొండు ఇళ్ళ వాళ్ళు తమ ర్యాంపులు కొట్టించుకున్నారు. కొందరు కొట్టించుకోలేదు. ఇప్పటికీ రెండు అలాగే ఉన్నాయి.

తొమ్మిదో ఆదివారం మామ్మగారు ఒప్పుకున్నవి నేను రెండు పేజీల్లో రాశాను. ఒక అంతస్తు తగ్గిస్తారు. బావి పూడ్చకుండా స్లాబు వేసి, మేడ మీద పడ్డ వాన నీళ్ళన్నీ పైపులతో అందులోకే వదులుతారు. వేపచెట్టు ఉంటుంది. మామిడి చెట్లు పోతాయి. మూడూ పోతాయని రాస్తున్నప్పుడు పెన్ను ఆగింది. ఆ చెట్ల కింద ఆవకాయ ముక్కలు కొట్టని ఇల్లు మా వీధిలో లేదు. చెట్టు కొట్టాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకి తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలని టీచర్ పిన్నిగారు పట్టుబట్టారు, తీసుకున్నారు కూడా. కానీ అనుమతి చెట్టుని కాపాడదు కదా.

అంతస్తు తగ్గితే ఐదు ఫ్లాట్లు పోతాయి, అందులో మామ్మగారి వాటా రెండున్నర. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్‌లో గట్టిగానే అరిచాడట. ఎందుకు ఒప్పుకున్నారని ఎవరో అడిగితే ఆవిడ గోడ మీద సుద్ద లెక్క వైపు చూశారు. "ఆయన లెక్క ఆయన వేశారు. నా బావి ఎంతమందికి ఆగుతుందో నాకు తెలుసు," అన్నారు. ఆ షరతులన్నీ బిల్డర్‌తో చేసుకున్న ఒప్పందంలో ఆవిడే రాయించారు. ఆవిడ స్థలం, ఆవిడ సంతకం. మా రెండు పేజీలకి ఏ ఆఫీసులోనూ విలువ లేదు, ఒప్పందంలోకి ఎక్కాకే ఆ మాటలకి బలం వచ్చింది.

ఇది నేను ఉద్యోగంలో చేరాక బాగా అర్థమైన సంగతి. మా వీధి మాట్లాడుకోవాలని ఏ నియమమూ అడగలేదు. అదే 2006లో సెప్టెంబరు 14న కేంద్రం పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ తెచ్చింది. అందులో 20,000 చదరపు మీటర్లు దాటిన భవనాలకి ముందస్తు అనుమతి కావాలన్నారు. కానీ భవన నిర్మాణాలకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయించారు. ఫ్యాక్టరీకీ గనికీ ఊరి వాళ్ళని పిలిచి అడుగుతారు, వెయ్యి ఫ్లాట్లకి అడగరు. 2020లో తెలంగాణలో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ భవన అనుమతుల విధానం వచ్చింది. 600 గజాలలోపు, పది మీటర్ల ఎత్తులోపు ఇల్లయితే సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చేవారు, అంతకంటే పెద్దవాటికి 21 రోజుల్లో. లంచాలు, తిప్పించుకోవడం తగ్గాయి, అది మంచిదే, ఆ ఫైళ్ళు పెట్టేది నేనే కాబట్టి మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఫైల్లో సైటు ప్లాన్ గీసినప్పుడల్లా చుట్టూ "పొరుగువారి స్థలం" అని నాలుగు వైపులా రాయాలి. రాస్తుంటే ప్రతిసారీ ఆ షెడ్డు గుర్తొస్తుంది. పొరుగువారు అక్కడ ఒక గీత. వాళ్ళకి బావి ఉందో, డాబా ఉందో, కిటికీ లేదో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

కట్టడం రెండేళ్ళు పట్టింది. దుమ్ము, తెల్లవారుజామున లారీలు, కంకర కాలువలో పోసి పోవడం, ఏ అపార్ట్‌మెంట్ పక్కన ఉన్నవాళ్ళకైనా తెలిసినవే. వేపచెట్టు కొమ్మలు అడిగిన దానికంటే ఎక్కువ నరికారు. రెండు వానాకాలాలకి మళ్ళీ చిగిర్చింది. మధ్యాహ్నం మూడు తర్వాత మా డాబా మీద ఎండ నేను చెప్పినట్టే పోయింది. పట్టాలు కనిపించకుండా పోయాయి.

మామ్మగారు మొదటి అంతస్తులో వీధి వైపు ఫ్లాట్ తీసుకున్నారు. లిఫ్టుంది, పక్క గోడ అవతల ఒరిస్సా నుంచి వచ్చిన రైల్వే కుటుంబం ఉంది. వాళ్ళ చిన్నపిల్లవాడు రాత్రంతా ఏడుస్తాడని అమ్మ జాలిపడితే, ఆవిడ నవ్వి, "ఏడవనీ, నాకు నిద్ర పడుతోంది" అన్నారు. బాల్కనీలో కూర్చుని మా గేటు వైపు చూసేవారు. ఇనప పలక లోపల పెట్టడం నాన్న మర్చిపోతే పైనుంచి పిలిచి గుర్తు చేసేవారు. 2014లో, ఆ ఫ్లాట్‌లోనే, నిద్రలో వెళ్ళిపోయారు. పక్కింటివాళ్ళు పొద్దున్న ఏడింటికే గమనించారు.

2020 అక్టోబరు 13న నేను అమ్మా నాన్నల దగ్గరే ఉన్నాను, కరోనా వల్ల ఇంటి నుంచే పని. సాయంత్రం మొదలైన వాన తగ్గలేదు. ఎదురు బిల్డింగు నాలుగు పైపుల్లోంచి మేడ మీది నీళ్ళు బావిలోకి పడుతున్న హోరు మా వరండాలోకి వినిపిస్తోంది. తొమ్మిదింటికి చెరువు నీళ్ళు వీధిలోకి వచ్చాయి. పదింటికి మా నట్టింట్లో మోకాలి లోతు. ఎదురు వాచ్‌మన్ టార్చి వేసి కేకేశాడు, రండి సార్ పైకి రండి అని. నాన్న చేయి పట్టుకుని నేను, అమ్మ చేయి పట్టుకుని అతను, ముప్పై అడుగుల రోడ్డు దాటాం. స్టిల్ట్‌లో కార్లు సగం దాకా మునిగి ఉన్నాయి. రెండో అంతస్తులో ముఖపరిచయం కూడా లేని ఒక జంట తలుపు తీసి, తువ్వాళ్ళిచ్చి, హాల్లో పరుపులు వేశారు. వీధి చివర రేకుల గదుల వాళ్ళు మొదటి అంతస్తు వరండా నిండా ఉన్నారు.

బావి మునిగిపోవడంతో హోరు ఆగిపోయింది. నాన్న నిద్రపోలేదు, గోడకి ఆనుకుని కూర్చున్నారు. తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో వీధిలో నీళ్ళు తీశాయి. వాన సన్నగా పడుతూనే ఉంది. కింద నుంచి మళ్ళీ ఆ చప్పుడు మొదలైంది, లోతుగా, నీటి మీద నీరు పడే చప్పుడు. నాన్న తల ఎత్తి నా వైపు చూసి, "బావి" అన్నారు.